మీటరు కోసం సముద్రం దాకా

"నీళ్ల మీటరు చూడ్డానికి ఎవురన్నా టూరు పోతారా?" అని మా అత్తగారు నా బ్యాగు వైపు చూసి నోరు నొక్కుకుంది. పోతారు. నేను పోయాను. నాలుగు రోజులు తిరిగి, బట్టలనిండా చేపల వాసనతో, జుట్టునిండా ఉప్పుతో, మనసునిండా ఎక్కడ లేని సంబరంతో తిరిగొచ్చాను. ఆ పక్కకు ఎప్పుడూ పోనివాళ్ల కోసం, అందునా మా పడమటి మెట్టవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా పడమటి అంచున ఒక చిన్న మున్సిపాలిటీ. నేనక్కడ నీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరును. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఏదీ ఎంచుకోమని అడగలేదు. పైపులు పైవాళ్లు కొంటారు, పగిలితే నేను పోతాను. అట్లాంటిది ఆ రోజు కమిషనరు గారు పిలిచి, "మన ఊళ్లో ఇంటింటికీ స్మార్టు మీటర్లు పెడుతున్నామమ్మా. మూడు రకాలున్నాయి. సముద్రం పక్క ఊళ్లలో మూడు చోట్ల ఆరు నెలలుగా వాడి చూస్తున్నారు. ఉప్పు గాలికి తట్టుకున్నది మన ఊళ్లో తట్టుకోదా? పోయి చూసి రా. సోమవారం పది గంటలకు వచ్చి ఏది కావాలో చెప్పు. నువ్వు ఏది చెబితే అదే," అన్నారు.

నువ్వు ఏది చెబితే అదే! మెట్లు దిగానో దూకానో గుర్తు లేదు. కిందికొచ్చాక గానీ భయం వేయలేదు. స్మార్టు మీటరంటే మనిషి వచ్చి చూడకుండానే తన లెక్క తనే ఆఫీసుకు పంపుకునేది. ఆ లెక్క తప్పయితే అడిగే నాథుడుండడు. తప్పు మీటరు చెప్పానంటే పదేళ్లు ఊరంతా దానికి కట్టాలి, నన్ను తిట్టాలి, నేను ఆ తిట్టేవాళ్ల మధ్యే కూరగాయలు కొనుక్కోవాలి.

తోడుగా మా ఫిట్టరు మస్తానయ్య వచ్చాడు. రిటైరు కావడానికి రెండేళ్లుంది. స్మార్టు అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్లు మంట. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బక్కెట్టు ఒకటి తెచ్చాడు. లోపల లీటరు లీటరుకూ కాల్చిన మేకుతో గీత గీసి ఉంది.

"ఇదెందుకు మస్తానన్నా?"

"మీటరు ఏమన్నా చెప్పనీ మేడమ్. బక్కెట్టు అబద్ధం చెప్పదు," అన్నాడు.

బక్కెట్టుకు టికెట్టు

నెల్లూరులో దిగి నెయ్యి కారం దోసె తిన్నాం. ఒక్కోటి అరవై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు ఇద్దరం కడుపునిండా తినొచ్చని మస్తానయ్య హోటలంతా వినేట్టు చెప్పాడు. చెప్పి, ఇంకోటి తెమ్మన్నాడు.

అల్లూరు బస్సులో కండక్టరు మా బక్కెట్టు చూసి లగేజీ టికెట్టు అడిగాడు. మస్తానయ్యకు ఎక్కడ లేని రోషం వచ్చింది.

"ఖాళీ బక్కెట్టుకు టికెట్టేంది సామీ? అందులో ఉండేది గాలి. గాలికి డబ్బులు తీసుకుంటారా ఎవురన్నా?"

"నీ బక్కెట్టు ఒక మనిషి జాగా తినేసినాది పెద్దాయనా. గాలో, నీళ్లో నాకెందుకు?"

చివరికి బక్కెట్టును మస్తానయ్య ఒళ్లో పెట్టుకుని, అందులో తన సంచీ పెట్టుకుని, సంచీ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. టికెట్టు మాత్రం తీయలేదు. అల్లూరు వచ్చేదాకా నాకు నవ్వు ఆగలేదు.

అల్లూరు: బూరలు ఊదే వీధి

మా పక్క పొలమంటే రాళ్లు ఏరి, వాన కోసం ఆకాశం చూసేది. ఇక్కడ దారికి రెండు వైపులా పచ్చగా వరి, వరి అయిపోయిన చోట రొయ్యల గుంటలు. గుంటల్లో తెడ్ల చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. ఇన్ని నీళ్లున్న ఊళ్లో తాగే నీళ్లు మాత్రం రోజు మార్చి రోజు వస్తాయి. గుంటల నీళ్లన్నీ ఉప్పే మరి.

మొదటి మీటరు పెంచలమ్మక్క ఇంట్లో ఉంది. ఆమె భర్త రొయ్యల గుంటకు కాపలా, ఆమెకు ఎకరం వరి. మీటరు లోపల చిన్న చక్రం ఉంటుంది. నీళ్లు పోతుంటే అది తిరుగుతుంది, తిరిగినంతా అంకెలై ఆఫీసుకు పోతుంది. ఆరు నెలలైనా తుప్పు లేదు, అద్దం మసకబారలేదు. ధర కూడా మూడింటిలోకి తక్కువ. నేను అప్పుడే మనసులో మార్కులు వేసేస్తున్నాను.

"నీళ్లు ఎప్పుడొస్తాయక్కా?"

"అదెవురికి తెలుసు పాపా? మధ్యాన్నం రావచ్చు, పొద్దు గూకినాక రావచ్చు. బూర మోగితే వచ్చినట్టు."

బూర ఏమిటని కుళాయి దగ్గరికి పోయి చూస్తే, దాని మూతికి తిరునాళ్లలో పిల్లలు ఊదే ప్లాస్టిక్ బూర ఒకటి రబ్బరు ముక్కతో బిగించి ఉంది. కుళాయి విప్పే ఉంచారు. పైపులో నీళ్ల కంటే ముందు గాలి తోసుకొస్తుంది కదా, ఆ గాలికి బూర మోగుతుంది. పొలంలో ఉన్నా, పక్కింట్లో ముచ్చట్లాడుతున్నా వినపడుతుంది. బూర ఊడబీకి బిందె పెట్టుకోవడమే. వీధిలో ఏ కుళాయి చూసినా ఒక బూర. నాకెంత ముచ్చటేసిందో! ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నీళ్లు వస్తున్నాయని ఊరికి చెప్పే ఇంత చవకైన ఏర్పాటు చూడలేదు.

నాలుగు గంటలకు వీధి మొదట్లో ఒకటి 'పీ' మంది. తర్వాత రెండోది. తర్వాత వీధి వీధంతా పెళ్లి మేళం ఎత్తుకుంది.

"ఆ బొంగురు గొంతు సుబ్బమ్మోళ్లది, పోయిన తిరునాళ్లది. మాది కొత్తది, వినండి ఎట్టా మోగతా ఉందో!" అని పెంచలమ్మక్క గర్వంగా నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను.

"మేడమ్," అన్నాడు మస్తానయ్య మీటరు ముందు గొంతుక్కూర్చుని, "చప్పట్లు ఆపి ఇట్రాండి."

చక్రం గిర్రున తిరుగుతోంది. కుళాయి కింద బక్కెట్టులో చుక్క నీళ్లు లేవు. బూర మోగింది దాదాపు పది నిమిషాలు. నీళ్ల మొదటి చుక్క పడేసరికి మీటరు తొంభై ఆరు లీటర్లు లెక్కేసుకుంది.

పెంచలమ్మక్క మా ముఖాలు మార్చి మార్చి చూసింది. "అంటే ఈ ఆరు నెలలూ బూర ఊదించుకున్నందుకు మా పేర నీళ్లు రాసినారా?"

ఆమె నవ్వు మొదలుపెట్టింది, పక్కింటావిడ అందుకుంది, నేనూ కూలబడి నవ్వాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆమె ఉన్నట్టుండి ముఖం గంటు పెట్టుకుంది.

"నవ్వేదేముందిలే. మీ ఊరికి దీన్ని కొంటావా పాపా?"

మా ఊళ్లో నీళ్లు మూడు రోజులకోసారి. గాలి ఇంకా ఎక్కువ. "కొననక్కా," అన్నాను.

కృష్ణపట్నం దగ్గర: సున్నా ఇల్లు

మర్నాడు బస్సులో నేను కునుకు తీశాను. లేచి చూస్తే మా బక్కెట్టులో రొయ్యలు. పక్క సీట్లో గంప పట్టుకున్న ఆవిడ, "ఖాళీగానే ఉండాది గదమ్మా, గంప పొంగిపోతా ఉంటే పోసినా," అంది, ఏమీ జరగనట్టు. నెల్లూరులో దిగేటప్పుడు రెండు దోసిళ్లు మాకు వదిలేసి, అది బక్కెట్టు బాడుగ అని చెప్పి పోయింది. కిలో మూడొందలు పలికే రొయ్యలు. మస్తానయ్యకు ఆ పూటంతా నేలమీద కాలు నిలవలేదు.

కృష్ణపట్నం దారంతా లారీలే. దూరంగా రేవు క్రేన్లు, కరెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు. ఆ దారి పక్కనున్న పేటలో ఖాదర్ బాషా ఇల్లు. ఆయన లారీలకు టార్పాలిన్లు కుడతాడు. మేం పోయేసరికి జుమ్మా నమాజు ముగించుకుని అప్పుడే వచ్చాడు. మా రొయ్యలు చూసి ఆయన భార్య నూర్జహాన్ బక్కెట్టు లాక్కుని లోపలికి పోయింది.

రెండో మీటరు ఇక్కడుంది. దీనిలో చక్రమే లేదు. పైపులో ఈ చివర నుంచి ఆ చివరకు నీళ్ల గుండా శబ్దాన్ని పంపి, అది చేరిన వేగాన్ని బట్టి ఎన్ని నీళ్లు పోయాయో లెక్క కడుతుంది. గాలిని లెక్క పెట్టదు. నేను అల్లూరులో బస్సెక్కేటప్పుడే దీన్ని మనసులో ఎంచేసుకున్నాను. ఇక చూడడమే తరువాయి అన్నంత ధీమా.

చూస్తే, మీటరు మీద సున్నా.

"అది ఎప్పుడూ సున్నానే మేడమ్," అన్నాడు బాషా నేల చూపులు చూస్తూ. "ఆరు నెలలుగా అంతే. పని చేయలేదని నేనే పోయి నాలుగుసార్లు చెప్పినా. ఇప్పుడు ఇది పంపినారు."

చేతికిచ్చిన కాగితం చూస్తే, మీటర్లు పెట్టిన కంపెనీ పంపిన నోటీసు. మీటరును ఏదో చేసి పని చేయకుండా ఆపారని, సోమవారం లోపు సంజాయిషీ ఇవ్వకుంటే కుళాయి తీసేస్తామని. నూర్జహాన్ లోపలి నుంచే అందుకుంది. "వీధిలో మా ఆయన పేరు ఏందో తెలుసా మేడమ్? సున్నా బాషా! నీళ్ల దొంగలమంట. పిలకాయలు కూడా అట్నే పిలస్తా ఉండారు."

నాకు సిగ్గనిపించింది. ఇలాంటి నోటీసులు నేనూ పంపాను, ఇద్దరు ముగ్గురికి. అంకె చూసి పంపాను గానీ ఇంటికి పోయి చూసింది లేదు.

సాయంత్రం ఐదుకు నీళ్లొచ్చాయి. అక్కడ వేగం తక్కువ కాబట్టి అందరూ గుంత తవ్వి కుళాయిని అందులోకి దించి, రెండు మెట్లు దిగి పట్టుకుంటారు. అందరి గుంతల్లోకీ బాషా వాళ్లదే లోతు. సన్నటి ధార. పన్నెండు బక్కెట్లు కొలిచాం. మీటరు మీద అంకె ఒకటి మెరిసి మాయమైంది, మళ్లీ సున్నా. బాషా తప్పేమీ లేదని కళ్లారా చూశాం. ఎందుకు సున్నానో మాత్రం నాకు గానీ మస్తానయ్యకు గానీ అంతుబట్టలేదు.

అంత బాధలోనూ నూర్జహాన్ రొయ్యల వేపుడు, మామిడికాయ వేసిన నిన్నటి చేపల పులుసు పెట్టింది. పులుసు మర్నాటికే రుచంట. మా ఇంట్లో నిన్నటి కూర పెడితే అలుగుతారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

వాకాడు: ఫోను సముద్రంలో

మూడో మీటరు వాకాడు పక్క ఒక మత్స్యకారుల పేటలో. దీనికి ఫోనులాగే ముందుగా డబ్బు వేయాలి. అయిపోతే కుళాయి దానంతటదే మూసుకుంటుంది. మళ్లీ డబ్బు కడితే ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది మీటరుకు కొడితే తెరుచుకుంటుంది. వినడానికి ఎంత బాగుందో.

నాగూరమ్మ ఇంటికి పోయేసరికి కుళాయి మూసుకుని ఉంది. కూతురు పొద్దున్నే డబ్బు కట్టేసిందట. మరి నంబరు?

"నంబరు మా ఆయన ఫోనుకొచ్చినాది."

"మీ ఆయన ఎక్కడ?"

ఆమె చెయ్యెత్తి సముద్రం చూపించింది.

వేటకు పోయేవాళ్లు ఫోనును పాలిథీన్ కవరులో పెట్టి దారంతో బిగించి తీసుకుపోతారు. మీటరు బిగించిన రోజు ఇంటి పెద్ద నంబరు అడిగితే అందరూ మగవాళ్ల నంబర్లే ఇచ్చారు. ఇప్పుడు పేటలో పదిళ్ల కుళాయిల తాళాలు సముద్రం మీద, సిగ్నలు లేని చోట ఉన్నాయి.

"మరి నీళ్లెట్లా నాగూరమ్మా?"

"ఎట్లేంది? అదిగో!" గోడ మీదుగా పక్కింటి పైపు వచ్చి ఆమె తొట్టిలో పడి ఉంది. ఆ తొట్టి నుంచి ఇంకో పైపు ఇంకో ఇంటికి. వరసంతా ఒక్క ఇంటి కుళాయి మీద తాగుతోంది. "నీళ్లడిగితే లేదనేదానికి నోరెట్టా వస్తాదమ్మా? రేపు వాళ్లది మూసుకుంటే మాది పెడతాం."

పదకొండుకు పడవలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్లంతా పరుగు. నేనూ వాళ్ల వెంట ఎందుకో తెలియకుండానే పరుగు. నాగూరమ్మ భర్త వల ఎత్తి చూపించబోతే, "చేపల మొగం మండ, ముందు ఫోను తియ్యి!" అని అరిచింది. ఆయన తడి చేతులతో కవరు విప్పుతుంటే పది మంది మెడలు వంచి చూశాం. టింగుమని శబ్దం రాగానే ఒడ్డంతా ఒకటే కేక. ఆ కేకలో నేను ముందుకు దూకాను, అల వచ్చింది, మోకాళ్ల దాకా తడిపి ఎడమ కాలి చెప్పు తీసుకుని పోయింది. మళ్లీ తెచ్చివ్వలేదు. కొత్త చెప్పులు నూట ఎనభై అయ్యాయి. సముద్రం నాకు బాగా నచ్చింది, అయినా చెబుతున్నాను, దానికి మర్యాద తెలియదు.

మా ఊళ్లో సగం మంది మగవాళ్లు లారీల మీద దేశాలు తిరుగుతుంటారు, ఫోన్లతో సహా. కాబట్టి మూడోది కూడా పోయింది. శనివారం మధ్యాహ్నానికి నా చేతిలో మూడు మీటర్లలో ఒక్కటీ మిగలలేదు. నువ్వు ఏది చెబితే అదే అన్న మాట ఇప్పుడు గుండెల మీద కూర్చుంది.

టీ కొట్టు దగ్గర దిగులుగా కూర్చుంటే మస్తానయ్య టీ తాగడం మానేసి కొట్టాయన కెటిలు వైపే చూస్తున్నాడు. "అన్నా, ఇంకోసారి వంచు," అన్నాడు. ఆయన వంచాడు. "మళ్లీ."

"తాగుతావా, చూస్తావా?" అన్నాడు కొట్టాయన.

మస్తానయ్య నా వైపు తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "మేడమ్, సున్నా ఎందుకో తెలిసింది! కెటిలు ముక్కు పైకుంటాది. లోపల టీ ఆ ఎత్తుకు నిండితేనే బయటికొచ్చేది. బాషా ఇంట్లో మీటరు పైనుండాది, కుళాయి గుంతలో ఉండాది. నీళ్లు పైపులో అడుగున మాత్రమే జారిపోతా ఉండాయి. పైపు సగం ఖాళీ. నిండని పైపులో ఆ మీటరు ఏం కొలస్తాది, దాని తలకాయ? మీటరు దాటినాక పైపును జానెడు పైకి లేపి దించినామంటే అది నిండక చస్తాదా!"

నేను ఇంజనీరును. ఇది నాకు తోచలేదు. మస్తానయ్యకు ఇంకో టీ, రెండు బజ్జీలు ఇప్పించాను.

మళ్లీ సున్నా ఇంటికి

ఆదివారం మధ్యాహ్నం పైపును తిప్పే నాలుగు వంపు ముక్కలు, మూరెడు పైపు కొనుక్కుని బాషా ఇంటికి పోయాం. సంగతి చెప్పగానే గుంపు చేరింది. ఎదురింటామె నడుము మీద చెయ్యి వేసుకుని, "నీళ్లు కిందికి రావడానికే ఏడస్తా ఉండాయి. జానెడు ఎత్తు ఎక్కుతాయా?" అంది.

ఆ మాట నిజమే. ఎక్కకపోతే బాషా ఇంట్లో రెండు రోజులు చుక్క ఉండదు. తమను దొంగలన్నవాళ్ల గడప ఎక్కి బిందెడు నీళ్లు అడగాలి. మర్నాడు సోమవారం, కుళాయే పోతుంది. బాషా భార్య వైపు చూశాడు. నూర్జహాన్ క్షణం కూడా ఆలోచించలేదు.

"కోసేయండి అన్నా పైపు. ఈ సున్నాతో ఇంక బతకలేను."

మస్తానయ్య కోశాడు, వంచాడు, బిగించాడు. ఐదైంది. ఎదురింటి కుళాయిలో గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్లొచ్చాయి. మా దాంట్లో గాలి బుసకొట్టి ఆగిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎదురింటామె బిందె నిండిపోయింది. మస్తానయ్య చెమటలు తుడుచుకుంటున్నాడు. గుర్తున్న దేవుళ్లందరికీ దండం పెట్టాను, బాషా వాళ్ల దేవుడికి కూడా.

గుడగుడమని చప్పుడు. కుళాయి ఒకసారి తుమ్మింది. ఆ తర్వాత ధార, సన్నగా, ఆగకుండా.

"మీటరు! మీటరు చూడండి!" నేనే అరిచానట, తర్వాత చెప్పారు.

ఒకటి. రెండు. మూడు. బక్కెట్టులో గీత దాటినప్పుడల్లా నూర్జహాన్ పైకి చదువుతోంది, బాషా మీటరు దగ్గర బోర్లా పడుకుని చదువుతున్నాడు. పదిహేడు అంటే పదిహేడు. ఇరవై దగ్గర ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఎదురింటామె నమ్మలేదు. తన బిందె తెచ్చి తనే పట్టుకుంది, వంగి మీటరు చూసింది, బక్కెట్టులో పోసి గీత చూసింది. ఇంకో బిందె పట్టింది. చివరికి లేచి నిలబడి, "తప్పు మాట అన్నాను నూర్జహాన్," అంది, వీధి అంతా వినేట్టు.

బాషా లేచాడు. చొక్కానిండా బురద, కళ్లనిండా నీళ్లు. "మేడమ్, ఇంక మాకు బిల్లొస్తాదా?"

"వస్తుందన్నా."

"రానీండి. ఎంతొచ్చినా రానీండి!" అని ఆయన మస్తానయ్యను వాటేసుకున్నాడు. నేను ఏడ్చాను, నవ్వాను, రెండూ కలిపి చేశాను.

సోమవారం

పదింటికి కమిషనరు గారి గదిలో రెండో మీటరు పేరు చెప్పాను. షరతులు రాసిచ్చాను. మీటరు దాటాక పైపు జానెడు లేపాలి. బిగించిన రోజే ఆ ఇంటివాళ్ల ముందు బక్కెట్టుతో కొలిచి చూపించాలి. ఆయన తలూపుతుండగా నా ఫోను మోగింది. బాషా. కంపెనీవాళ్లు వచ్చారట, అంకె చూశారట, నోటీసు వెనక్కి తీసుకుని పోయారట. వెనక నూర్జహాన్ వీధిలో ఎవరికో గట్టిగా ఆ సంగతే చెబుతోంది.

ఫోను పెట్టేసి, ఆ కాగితం మళ్లీ తీసుకుని, అడుగున ఇంకో షరతు చేత్తో రాశాను. "ఏ ఇంటి మీటరైనా సున్నా చూపిస్తే ముందు పోయి పైపు చూడాలి. మనిషిని అడిగేది ఆ తర్వాతే."

కమిషనరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఇది మీటరుకు సంబంధించిన షరతు కాదు కదమ్మా?"

"మాకు సంబంధించింది సార్. ఇంతకుముందు నేను రెండు మూడు ఇళ్లకు అట్లా చూడకుండానే నోటీసులు పంపాను. ఈ సాయంత్రం మస్తానయ్యను తీసుకుని ఆ ఇళ్లకు పోతున్నాను."

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత పెన్ను తీసి షరతులన్నిటికీ ముందుండేట్టు దాని పక్కన ఒకటి అని అంకె వేసి, కింద సంతకం పెట్టారు.